తాబేలు చలికాలపు నిద్రకు ఫ్రిజ్: వాడి చూసి రాస్తున్న సమీక్ష

ముందే చెప్పేస్తాను. మధ్యధరా ప్రాంతపు హెర్మన్ తాబేలు లాంటి దాన్ని పెంచుతూ, చలికాలంలో క్షేమంగా నిద్రపుచ్చాలనుకునేవాళ్లకు ఫ్రీజర్ లేని చిన్న ఫ్రిజ్‌ను మించిన సాధనం నాకు ఇంతవరకు కనిపించలేదు. అయితే అది ప్లగ్గు పెట్టి, తాబేలును లోపల ఉంచి, తలుపు మూసేసి మరిచిపోయే వస్తువు కాదు. దానికొక పెద్ద లోటు ఉంది. అమ్మేవాళ్లు చెప్పరు, ఎందుకంటే వాళ్లు దాన్ని పాలు, కూరగాయల కోసం తయారుచేశారు. ఆ లోటు తెలిసి వాడితే ఇది మంచి వస్తువు. తెలియకుండా వాడితే తాబేలు ప్రాణానికే ముప్పు.

నేను వాడుతున్నది నడుము ఎత్తున్న ఒంటి తలుపు ఫ్రిజ్. లోపల ఫ్రీజర్ గది లేదు, గాలిని తిప్పే ఫ్యాను లేదు. వెనుక గోడ చల్లబడి, ఆ చల్లదనమే లోపలంతా పరుచుకుంటుంది. మూడు గాజు అరలు, అడుగున ఒక సొరుగు, పక్క గోడ మీద 1 నుంచి 7 దాకా అంకెలున్న తిప్పే మీట. అంతకుమించి హంగులేమీ లేవు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే తీరు ఫ్రిజ్‌లు చాలా కంపెనీలు చేస్తున్నాయి, మీరు చూసుకోవలసింది ఈ లక్షణాలనే. నా తాబేలు పేరు చిట్టి. ఎదిగిన ఆడ హెర్మన్ తాబేలు. ఈసారి నిద్రకు వెళ్లేటప్పుడు దాని తూకం 940 గ్రాములు. ఈ ఫ్రిజ్ దాని కోసమే కొన్నాను.

అసలు ఫ్రిజ్ ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. మధ్యధరా ప్రాంతపు తాబేళ్ల నిద్రకు 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిమి సరిగ్గా సరిపోతుంది. 3 నుంచి 7 మధ్య ఉన్నా దిగులు పడనక్కరలేదు. ఆ హద్దులు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. 10 డిగ్రీలు దాటి అలాగే ఉండిపోతే తాబేలు శరీరం సగం మేలుకుంటుంది. గుండె వేగం పెరుగుతుంది, ఒంట్లో దాచుకున్న శక్తి ఖర్చవడం మొదలవుతుంది. తిందామంటే తిండి ఉండదు, ఉన్నా అరిగేంత వేడి ఒంట్లో ఉండదు. అలా కొన్ని వారాలు గడిస్తే వసంతానికి ముందే నీరసించిపోతుంది. సున్నాకు దిగితే ఇంకా ఘోరం. కణాల్లోని నీరు గడ్డకడుతుంది. ముందుగా దెబ్బతినే వాటిలో కళ్లు ఒకటి. గడ్డకట్టే చలిలో చిక్కుకుని ప్రాణంతో బయటపడ్డ తాబేళ్లలో కూడా చూపు పోయినవి, కాళ్లు చచ్చుబడినవి ఉంటాయి.

పెట్టెలో పెట్టె పెట్టి, మధ్యలో కాగితపు ముక్కలో థర్మోకోలో కూరి, షెడ్డులో ఉంచే పాత పద్ధతి ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు. అది తప్పని అనను. కాని ఆ పెట్టె బయటి వాతావరణం మార్పును ఆలస్యం చేయగలదు తప్ప ఆపలేదు. నడి చలికాలంలో వారం రోజులు ఎండ కాసి 13, 14 డిగ్రీలకు చేరితే పెట్టె లోపలా మెల్లగా అంతే అవుతుంది. ఎలుకలు అట్టపెట్టెను కొరికి లోపలికి దూరితే, నిద్రలో ఉన్న తాబేలు కాళ్లను కొరుకుతున్నా కదలలేదు. ఫ్రిజ్‌లో ఎలుక భయం లేదు, ఎండ భయం లేదు. నేను డబ్బు పెట్టింది ఆ నిలకడ కోసం. చల్లదనం చలికాలంలో బయట ఉచితంగానే దొరుకుతుంది.

ఇక వస్తువు సంగతి. మీట మీద ఉన్న 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, అంతే. 5 మీద పెడితే 5 డిగ్రీలు వస్తాయని అనుకుని ఎవరైనా తాబేలును లోపల పెడితే ఏమవుతుందో తలచుకోవడానికే భయం వేస్తుంది. నా ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు రావాలంటే మీట 2కి కాస్త అటుగా ఉండాలి. మరో గదిలోకి మారిస్తే అదీ మారుతుంది. అందుకే నిద్రకు మూడు వారాల ముందే ఫ్రిజ్‌ను నడిపించడం మొదలుపెట్టాను. నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలను పై అరలోను, కింది సొరుగులోను, తలుపు గూళ్లలోను పేర్చాను. ఖాళీ ఫ్రిజ్‌లో ఉండేది గాలే కాబట్టి, తలుపు తెరవగానే చల్లదనమంతా బయటికి పోతుంది, మూయగానే కంప్రెసర్ గబగబా తిరిగి మళ్లీ అతిగా చల్లబరుస్తుంది. సీసాల్లోని నీరు ఆ ఒడిదుడుకులను తన మీదికి తీసుకుంటుంది. కరెంటు పోయినప్పుడు కూడా ఆ నీరే కాపలా. ఒకసారి సాయంత్రం పోయిన కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చింది. తలుపు తెరవకుండా ఉంచాను, పెట్టె లోపల ఒక డిగ్రీ కూడా పెరగలేదు.

అన్ని అరలూ ఒకేలా ఉండవు. వెనుక గోడకు ఆనుకుని ఉన్న చోట కంప్రెసర్ తిరుగుతున్నంతసేపు మంచు పేరుకుంటుంది, ఆగాక కరిగి బొట్లుబొట్లుగా జారుతుంది. అక్కడ థర్మామీటర్ సెన్సార్ పెడితే సున్నా కన్నా కిందికి చూపించింది. అదే అరలో ముందువైపు 5.5. తలుపు గూటిలో 7కు పైనే. ఒకే డబ్బాలో ఇంత తేడా. చిట్టి పెట్టెను నడిమి అరలో, వెనుక గోడకు అరచేయి వెడల్పు ఎడం ఉండేలా పెట్టి, అది వెనక్కి జరగకుండా ఒక చెక్కముక్క అడ్డం పెట్టాను. ఆ ముక్క పెట్టకపోతే సీసాలు సర్దేటప్పుడు పెట్టె తెలియకుండానే వెనక్కి జరుగుతుంది.

ఫ్యాను ఉన్న రకం కొనవచ్చా అని కొందరు అడుగుతున్నారు. ఫ్యాను వల్ల అన్ని అరల్లోనూ వేడిమి సమానంగా ఉంటుంది, అది మంచిదే. కాని గాలి బాగా పొడిబారుతుంది. నిద్రలో ఉన్న తాబేలు నీళ్లు తాగదు, ఊపిరితో పాటు కొద్దికొద్దిగా తేమను పోగొట్టుకుంటూనే ఉంటుంది. అందువల్ల నేను ఫ్యాను లేనిదాన్నే ఎంచుకున్నాను. ఇప్పటికే ఫ్యానుది ఉన్నవాళ్లు పెట్టెలో కాస్త చెమ్మగా ఉన్న మట్టి వేసి, తూకం మీద మరింత కన్నేసి ఉంచితే సరిపోతుంది.

వైన్ కూలర్లు చూడడానికి ముచ్చటగా ఉంటాయి, గాజు తలుపులోంచి తాబేలు కనిపిస్తుంది కూడా. కాని చాలావాటిలో అన్నిటికన్నా తక్కువ అమరికే 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే యంత్రం ఎప్పుడూ తన శక్తి చివరి అంచున పనిచేయాలి. కంప్రెసర్ లేకుండా, కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పెల్టియర్ పలకతో పనిచేసే చిన్న డబ్బాలైతే అసలు వద్దు. అవి గది వేడిమి కన్నా 15 నుంచి 20 డిగ్రీల దాకా మాత్రమే కిందికి దించగలవు. గది వెచ్చబడితే లోపలా వెచ్చబడుతుంది. అలాంటప్పుడు ఫ్రిజ్ కొన్న ప్రయోజనమేమిటి?

ఇప్పుడు ఆ పెద్ద లోటు దగ్గరికి వస్తాను. ఫ్రిజ్ చల్లబరచగలదు, వెచ్చబరచలేదు.

వినడానికి ఇది చిన్న మాటలా ఉంటుంది. కాని తాబేలు విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చాలామంది ఈ ఫ్రిజ్‌ను ఇంట్లో చోటు లేక గ్యారేజీలోనో షెడ్డులోనో పెడతారు. బయట 2 డిగ్రీలుంటే లోపలి థర్మోస్టాట్ కంప్రెసర్‌ను తిప్పదు, తిప్పనక్కరలేదు కూడా. కాని బయట సున్నాకు, ఆపైన మైనస్‌కు దిగితే ఫ్రిజ్ చేయగలిగింది ఏదీ లేదు. గోడల్లోని ఇన్సులేషన్ కొన్ని గంటలు ఆపుతుంది. ఆ తరువాత లోపలి వేడిమి బయటిదానితో పాటే దిగిపోతుంది. అతిచలి నుంచి కాపాడుతుందని ఎవరు నమ్మి పెట్టారో, వాళ్ల తాబేలు ఆ చలిలోనే చిక్కుకుంటుంది. తలుపు తెరిచినప్పుడల్లా లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి యంత్రం పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఫ్రిజ్ వెనుకో లోపలి గోడ మీదో అంటించిన చీటీలో వాతావరణ తరగతి అని ఒక గుర్తు ఉంటుంది. కొనేముందు దాన్ని తప్పకుండా చదవండి. ఎస్‌ఎన్ అని ఉంటే చుట్టూ 10 నుంచి 32 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు సరిగా నడుస్తుందని అర్థం. ఎన్ అంటే 16 నుంచి 32. ఎస్‌టి అంటే 16 నుంచి 38. టి అంటే 16 నుంచి 43. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ గడ్డకట్టే గ్యారేజీ కోసం చేసింది కాదు. మన పనికి ఎస్‌ఎన్ ఉన్నది మేలు. అదీ ఇంటి లోపల, ఎవరూ ఎక్కువగా హీటర్ వాడని గదిలో. నాది ఎస్‌ఎన్ నుంచి ఎస్‌టి దాకా అని రాసి ఉన్న రకం, సామాన్లు పెట్టుకునే గదిలో ఉంది. అక్కడ చలికాలమంతా 12 నుంచి 17 డిగ్రీల మధ్య ఉంటుంది. యంత్రం తన పని తాను చేసుకుపోతుంది. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు ఒక చిన్న కుదుపు ఉంటుంది. పెట్టె కింద మందపాటి గుడ్డ మడత వేశాక చిట్టి దాకా అది చేరడం లేదు.

ఫ్రిజ్ గురించి ఇంత చెప్పాక, దానితో పాటే కొనవలసిన రెండు వస్తువులను వదిలేస్తే సమీక్ష సగమే అవుతుంది. ఒకటి థర్మామీటర్, రెండోది త్రాసు. నన్నడిగితే ఫ్రిజ్‌లో కాస్త చవకరకమైనా పరవాలేదు గాని ఈ రెండింటిలో రాజీ పడకూడదు.

థర్మామీటర్‌కు తీగ చివర సెన్సార్ ఉండాలి, తెర బయట ఉండాలి. తలుపు తెరిచి చూసే రకం పనికిరాదు, తెరిచిన క్షణంలోనే అంకె మారిపోతుంది. రెండోది, గరిష్ఠ, కనిష్ఠ అంకెలను గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు 5 ఉంది అన్నంత మాత్రాన నాకు నిశ్చింత లేదు. రాత్రి ఎంతకు దిగిందో, మధ్యాహ్నం ఎంతకు ఎక్కిందో తెలియాలి. మూడోది, హద్దు దాటితే గట్టిగా మోగాలి. నేను వాడుతున్నదానికి ఈ మూడూ ఉన్నాయి. కిందిహద్దు 3, పైహద్దు 8 అని పెట్టుకున్నాను. తలుపు మూస్తే రబ్బరు పట్టీ మధ్య నుంచి సన్నటి తీగ నలగకుండా బయటికి వస్తుంది, కీలు ఉన్న వైపు కింది మూల నుంచి తెస్తే రబ్బరు లేవదు. తలుపు మూశాక ఒక కాగితం ముక్కను రబ్బరులో ఇరికించి లాగి చూడండి, సులువుగా ఊడి వస్తే గాలి దూరుతున్నట్టే.

కొత్త థర్మామీటర్‌ను నమ్మేముందు ఒక పరీక్ష చేయాలి. గ్లాసు నిండా బాగా దంచిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు మాత్రమే పోసి, కలిపి, సెన్సార్ ముంచి కొంతసేపు ఆగండి. సున్నా చూపించాలి. నాది 0.4 చూపించింది. అంటే నేను చదివే ప్రతి అంకెలోంచి అంత తీసేయాలి. మొదట కొన్న మరో థర్మామీటర్ ఇదే గ్లాసులో 2.1 చూపించింది, దాన్ని వెంటనే వెనక్కి పంపాను. దాని మాట నమ్మి 3 డిగ్రీలుందని అనుకుంటే నిజానికి తాబేలు ఒక డిగ్రీ దగ్గర ఉండేది. ఒక సెన్సార్ ఫ్రిజ్ గాలిలో, ఇంకొకటి తాబేలు పెట్టెలో ఉంచితే ఇంకా మంచిది. గాలిలోది కంప్రెసర్‌తో పాటు 3.5కి, 6.5కి మధ్య ఊగుతూ ఉంటుంది. పెట్టెలోది మాత్రం 5 దగ్గర నిశ్చలంగా ఉంటుంది. తాబేలు ఒంటికి తెలిసేది ఆ రెండోదే. మొదటిది చూసి కంగారుపడి మీట తిప్పుతూ కూర్చోకండి.

పెట్టె గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తాబేలు ఒకసారి తిరగగలిగేంత చోటు, పక్కల్లోను మూతకూ చాలా కన్నాలు, లోపల ఎరువులు కలపని మట్టి గాని ముక్కలు చేసిన కాగితం గాని. రష్యన్ తాబేలు అని పిలిచే హార్స్‌ఫీల్డ్ రకానికి మట్టి లోతుగా వేయాలి, అది తవ్వుకోనిదే ఊరుకోదు. చిట్టికి నేను అడుగున మట్టి, పైన తెల్ల కాగితపు ముక్కలు వేస్తాను. తెల్ల కాగితం ఎందుకో తరువాత చెబుతాను.

ఫ్రిజ్ తలుపు గాలి చొరబడకుండా మూసుకుంటుంది, అది దాని గొప్ప. తాబేలుకు అదే ఇబ్బంది. 5 డిగ్రీల దగ్గర అది ఊపిరి తీసుకోవడం చాలా తక్కువే అయినా, తీసుకోవడం మానదు. వారానికి రెండుసార్లు తలుపు బార్లా తెరిచి, రెండు మూడు సార్లు విసనకర్రలా ఆడించి, కొన్ని నిమిషాలకు మూసేస్తాను. లోపల సీసాలు ఉన్నాయి కాబట్టి వేడిమి పెద్దగా కదలదు. వస్తువు మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదొకటి కాదు, తయారీదారులు దీన్ని ఊపిరి ఉన్న ప్రాణి కోసం చేయలేదు కదా. కాని తలుపు తెరవడం మరిచిపోయేవాళ్లు, వారాల తరబడి ఊళ్లు తిరిగేవాళ్లు ఈ పద్ధతికి దూరంగా ఉండాలి.

త్రాసు సంగతి. ఒక గ్రాము తేడాను చూపించే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఆరోగ్యంగా ఉన్న తాబేలు నిద్రలో నెలకు తన బరువులో ఒక శాతం దాకా తగ్గడం మామూలే. చిట్టి 940 గ్రాములు గనక నెలకు 9 గ్రాములు. మూడు నెలలకు 28 గ్రాములు. మొత్తం మీద పదో వంతు, అంటే 94 గ్రాములు తగ్గిందంటే గడువు ఎంత మిగిలి ఉన్నా నిద్ర లేపాల్సిందే. 5 గ్రాముల మెట్లలో చూపించే త్రాసుతో ఈ లెక్క ఎలా సాగుతుంది? వారానికొకసారి పెట్టెలోంచి తీసి, మట్టి తుడిచి, తూచి, పుస్తకంలో రాసి, మళ్లీ పడుకోబెడతాను. ఈ పని నిదానంగా చేసినా మూడు నిమిషాలు పట్టదు. తాబేలును అలా ముట్టుకుంటే నిద్ర చెడుతుందని భయపడేవాళ్లున్నారు. దాన్ని నిద్ర లేపేది వేడి. చేతిలోకి తీసుకున్న కొద్ది క్షణాల్లో ఒళ్లు వేడెక్కదు.

ఆ మూడు నిమిషాల్లోనే చూడవలసినవన్నీ చూసేస్తాను. ముందరి కాలును వేలితో మెల్లగా తాకితే, బాగా ఉన్న తాబేలు ఎంతో నెమ్మదిగా, దాదాపు తెలియకుండా, కాలును లోపలికి లాక్కుంటుంది. ఆ కదలిక చూసినప్పుడల్లా నాకు ప్రాణం కుదుటపడుతుంది. కళ్లు మూసుకుని ఉండాలి, రెప్పలు లోపలికి గుంటపడి ఉండకూడదు. ముక్కు పొడిగా ఉండాలి. బుడగ కనిపించినా, తడి కనిపించినా ఆరోజుతో నిద్ర ఆఖరు. చిప్ప అడుగుభాగంలో పలకల సందుల వెంట ఎరుపు గాని, మెత్తదనం గాని ఉండకూడదు.

ఇక తెల్ల కాగితం. నిద్రలో తాబేలు మూత్రం పోసిందంటే ఆ కాగితం మీద తడి, పసుపు మరక వెంటనే కనిపిస్తాయి. త్రాసు మీద కూడా ఒక్కసారిగా 20, 30 గ్రాములు తగ్గుతుంది. తాబేలు మూత్రాశయం దాని నీటి తొట్టి. నెలల తరబడి అందులోని నీటినే ఒంటికి తీసుకుంటూ బతుకుతుంది. ఆ తొట్టి ఖాళీ అయితే మిగతా నిద్రంతా ఎండుతూ గడపాలి. అందుకే ఆ మరక కనిపించిన రోజునే బయటికి తీసి, వెచ్చబరిచి, గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. వసంతం ఇంకా రాలేదు కదా అని ఆగకూడదు. అలా ముందుగా లేచినదాన్ని మళ్లీ పడుకోబెట్టకూడదు. దీపం, వెచ్చదనం ఇచ్చి ఇంట్లోనే మేపుకోవాలి.

ఈ ఫ్రిజ్‌ను ఎంత మెచ్చుకున్నా, అది చేయలేని పని ఒకటుంది. జబ్బుతో లోపలికి వెళ్లిన తాబేలును అది బాగుచేయలేదు. చలిలో రోగనిరోధక శక్తి అణగిపోతుంది, ఉన్న జబ్బు అలాగే ఉండి, లేచే సమయానికి విజృంభిస్తుంది. అందుకే నిద్రకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, సరీసృపాలను చూసే పశువైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి. మలం పరీక్షలో నులిపురుగులు బయటపడితే మందు వేసి కోలుకోవడానికి ఆ వారాలు కావాలి. నోటిలో పుండ్లు, కళ్ల వాపు, ముక్కు కారడం ఏది ఉన్నా ఆ ఏడాది నిద్ర లేదు. ఒక చలికాలం నిద్రపోకపోయినంత మాత్రాన తాబేలుకు ముంచుకొచ్చేదేమీ లేదు. మా డాక్టరు గారు బరువును, చిప్ప పొడవును పోల్చి చూసే జాక్సన్ పట్టికను కూడా వాడతారు. ఓలిఫాంట్ జాక్సన్ అనే బ్రిటిష్ పశువైద్యుడు హెర్మన్, గ్రీకు తాబేళ్ల కోసం చేసినదది. దాన్ని హార్స్‌ఫీల్డ్ తాబేలుకు వర్తింపజేస్తే తప్పుడు జవాబు వస్తుంది, దాని ఆకారమే వేరు.

మరో ముఖ్యమైన పని కడుపు ఖాళీ చేయించడం. చిట్టి అంత ఎదిగిన తాబేలుకు మూడు వారాల ముందు తిండి ఆపేయాలి. చిన్నవాటికి ఇంకా తక్కువ రోజులు చాలు. తిండి ఆపినా వెచ్చదనం మొదట్లో ఆపకూడదు. ఒళ్లు వెచ్చగా ఉంటేనే కడుపులో ఉన్నది అరిగి బయటికి పోతుంది. అరగని ఆకులు చలిలో లోపలే ఉండిపోతే కుళ్లి, గ్యాసు పట్టి, ప్రాణాల మీదికి వస్తుంది. ఆ రోజుల్లో ప్రతిరోజూ గోరువెచ్చని నీళ్లలో, గడ్డం మునగనంత లోతులో కూర్చోబెట్టాలి. కడుపు ఖాళీ అవ్వాలి, మూత్రాశయం నిండాలి. ఆఖరున దీపాలు తగ్గించి, ఆపేసి, కొద్ది రోజులు చల్లని గదిలో ఉంచి, అప్పుడు ఫ్రిజ్‌లోకి. ఈ వరుసలో ఏ మెట్టును దాటవేసినా ఎంత ఖరీదైన ఫ్రిజ్ కొన్నా ఉపయోగం లేదు.

అన్ని తాబేళ్లూ నిద్రపోవని కూడా గట్టిగా చెప్పాలి. హెర్మన్, గ్రీకు, మార్జినేటెడ్, హార్స్‌ఫీల్డ్ రకాలు పోతాయి. గ్రీకు తాబేళ్లలో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవి కొన్ని పోవు, కాబట్టి మీ దాని మూలం తెలుసుకోండి. సల్కటా, చిరుత తాబేలు, ఎర్రకాళ్ల తాబేలు ఉష్ణప్రాంతపు ప్రాణులు. వాటిని 5 డిగ్రీల్లో పెడితే అది నిద్ర కాదు, చావు. మనందరికీ తెలిసిన నక్షత్ర తాబేలు కూడా ఇలా నిద్రపోయేది కాదు. పైగా దాని వ్యాపారాన్ని అరికట్టడానికి 2019లో, అంతరించే ముప్పున్న ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలోకి చేర్చారు. ఏ రకమో తేలనిదే ఫ్రిజ్ కొనకండి.

నిద్ర ఎన్నాళ్లు అంటే, ఎదిగిన వాటికి పన్నెండు వారాలు దాటించనక్కరలేదు. తొలిసారి పడుకునే పిల్లకు నాలుగు వారాలు చాలు. ప్రకృతిలో ఇంకా ఎక్కువ కాలం పడుకునే చోట్లు ఉన్నాయి, కాని ఇంట్లో మనం ఆ పరీక్ష పెట్టవలసిన అవసరం లేదు. ఈ ఫ్రిజ్ ఇచ్చే గొప్ప సౌకర్యం కూడా ఇదే. బయట చలి ముందే తగ్గినా, ఆలస్యంగా తగ్గినా, లేపే రోజును మనమే నిర్ణయిస్తాం.

లేపే రోజున పెట్టెను బయటికి తీసి గదిలో కొన్ని గంటలు వదిలేస్తాను. నేరుగా దీపం కింద పెట్టను. ఒళ్లు గది వేడిమికి వచ్చాక గోరువెచ్చని నీళ్ల స్నానం, తరువాత వెచ్చని దీపం, మంచి వెలుతురు. తిండి కన్నా ముందు అది తాగాలి. నెలల పాటు ఒంట్లో పేరుకున్న యూరియా లాంటి వ్యర్థాలు మూత్రంతో బయటికి పోవాలి, అవి పోనిదే ఆకలి వేయదు. చిట్టి ఈసారి నీళ్లలో తల ముంచి, గొంతు కదులుతుండగా చాలాసేపు తాగింది, పైకి లేచి ఊపిరి తీసుకుని మళ్లీ తాగింది. తూకం 913 గ్రాములు. మర్నాడు కొద్దిగా కొరికింది, ఆ మర్నాడు శుభ్రంగా తింది. వారం లోపల తినడం మొదలుపెట్టకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

వస్తువు మీద చిన్న ఫిర్యాదులు కూడా రాయాలి. మీట మరీ సులువుగా తిరుగుతుంది, సీసా తీసేటప్పుడు చేయి తగిలితే చాలు. నేను దాని మీద అంటుకునే టేపు వేసి బిగించాను. నీరు జారే కాలువ కన్నం చాలా సన్నం, మట్టి రేణువులు పడితే పూడుకుపోయి అడుగున నీళ్లు నిలుస్తాయి. నెలకోసారి పుల్లతో శుభ్రం చేసుకోవాలి. తలుపు తెరిస్తే వెలిగే దీపం అనవసరం, దాన్ని విప్పేశాను.

ఇంకొక మాట, ఇంట్లోవాళ్లు ఫ్రిజ్ సగం ఖాళీగానే ఉంది కదా, పాలు పెట్టుకుందామంటే ఒప్పుకోకండి. తాబేళ్ల ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండవచ్చు, చూడడానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. తిండి వస్తువుల పక్కన వాటి పెట్టె ఉండకూడదు. తూచిన త్రాసును మళ్లీ వంటకు వాడకూడదు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పైగా పాల కోసం రోజుకు పదిసార్లు తలుపు తెరిస్తే, మనం డబ్బు పెట్టి కొన్న నిలకడ పోతుంది.

కాలం అయిపోయాక ప్లగ్గు తీసి, లోపలంతా వేడినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, తలుపు సందులో మడిచిన గుడ్డ పెట్టి ఉంచుతాను. పూర్తిగా మూసేస్తే లోపల బూజు పడుతుంది, ఆ బూజు గాలినే వచ్చే చలికాలం చిట్టి పీల్చాలి. థర్మామీటర్ బ్యాటరీలు తీసి, త్రాసుతో పాటు అదే అరలో పెడతాను. తిరిగి వాడేముందు మళ్లీ ఐసు గ్లాసు పరీక్ష, మళ్లీ మూడు వారాల ఖాళీ నడక.